మాది ఏ మతం? సావిత్రిబాయి బడిలో పుట్టిన ప్రశ్న



ఈసారి పాఠానికి సుత్తం తీసుకోలేదు. ఒక బడిపిల్ల రాసిన వ్యాసం తీసుకున్నాం. ఆ పిల్ల పేరు ముక్తా సాళ్వే. ఊరు పూణే, కులం మాంగ్. మన దగ్గర మాదిగలు ఎట్లాగో అక్కడ మాంగ్‌లు అట్లాగ. వయసు పద్నాలుగేళ్ళు. మూడేళ్ళే బడికి పోయింది. ఆ మూడేళ్ళ చదువుతో మాంగ్, మహర్ల దుఃఖం గురించి ఒక వ్యాసం రాస్తే, 1855లో 'జ్ఞానోదయ' అనే మరాఠీ పత్రిక దాన్ని రెండు సంచికల్లో అచ్చు వేసింది.

అందులో ఆమె వేసిన ప్రశ్న ఒకటుంది. వేదాలు మావే, మేమే చదవాలి, ఇతరులు తాకరాదు అని బ్రాహ్మణులు అంటున్నారు గదా. అయితే మాకు మత గ్రంథం లేనట్టే. గ్రంథమే లేనప్పుడు మతం మాత్రం ఎక్కడిది? మేము ఏ మతం వాళ్ళమో చెప్పు దేవుడా, దాని ప్రకారం మేమూ నడుచుకుంటాం అని నిలదీసింది. ఒక్కరికే హక్కులిచ్చి తక్కినవాళ్ళను దూరంగా నిలబెట్టే మతం ఏదైనా ఉంటే అది భూమ్మీద లేకుండా పోవాలని, అలాంటిదాన్ని చూసి గర్వపడే బుద్ధి మాకు రాకూడదని కూడా రాసింది.

ఒక్కసారి లెక్క వేసుకోండి. ముక్త ఈ మాట రాసింది 1855. బాబాసాహెబ్ యేవలాలో, హిందువుగా పుట్టడం నా చేతుల్లో లేదు గానీ హిందువుగా మాత్రం చావను అని ప్రకటించింది 1935 అక్టోబరు 13. నాగపూర్ దీక్షాభూమిలో లక్షల మందితో త్రిసరణ పంచశీల తీసుకుంది 1956 అక్టోబరు 14. అంటే ఆ పిల్ల ప్రశ్నకు జవాబు రావడానికి నూట ఒక్క సంవత్సరం పట్టింది. జవాబిచ్చిన మహానుభావుడి గురించి మనం ప్రతి ఏప్రిల్‌లో, ప్రతి డిసెంబరులో మాట్లాడుకుంటున్నాం. ఆ ప్రశ్న అడిగే నోరు ఒక మాంగ్ పిల్లకు ఎట్లా వచ్చింది, ఎవరు ఇచ్చారు అనేది ఈ పాఠం.

ఆ బడి నడిపింది సావిత్రిబాయి ఫూలే, జోతిరావు ఫూలే.

ముందు పలక పట్టిందెవరు

సావిత్రిబాయి 1831 జనవరి 3న సతారా జిల్లా నాయిగావ్‌లో పుట్టారు. తండ్రి ఖండోజీ నేవసే, మాలీ కులం, అంటే పూలతోటలు, కూరగాయల పెంపకం చేసుకునే శూద్ర కులం. తొమ్మిదో ఏట పెళ్ళయింది. పెళ్ళికొడుకు జోతిరావుకు పదమూడు. ఆ రోజుల్లో అది వింత కాదు. పెళ్ళినాటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. అదీ వింత కాదు. వింత ఏమిటంటే, ఆ కుర్రాడు తాను మిషనరీ బడిలో నేర్చింది ఇంటికి తెచ్చి భార్యకు నేర్పడం. ఆమె అంతటితో ఆగక, అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ సింథియా ఫారర్ నడిపే చోటా, పూణేలోని నార్మల్ స్కూల్లోనూ పంతులమ్మ పనికి శిక్షణ తీసుకున్నారు.

1848లో పూణే బుధవార్ పేటలో భిడే వాడా అనే ఇంట్లో ఆడపిల్లల బడి తెరిచారు. అప్పటికి సావిత్రిబాయికి పదిహేడేళ్ళు. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువ మంది చేసే పొరపాటు ఒకటి సరిదిద్దుకుందాం. "భారతదేశంలో మొట్టమొదటి ఆడపిల్లల బడి" అని పోస్టర్ల మీద రాస్తాం. అంతకు ముందే మిషనరీలు ఆడపిల్లల బళ్ళు నడిపారు. ఆ సంగతి ఎదుటివాడు ఎత్తి చూపితే మన నోరు పడిపోతుంది. పెద్దమాట అవసరం లేదు, నిజమే చాలా పెద్దది. వేదం వింటే చెవుల్లో సీసం పోయమన్న ధర్మశాస్త్రం పేష్వాల పాలనగా నడిచిన ఊళ్ళో, పేష్వా రాజ్యం పడిపోయి ముప్ఫై ఏళ్ళు మాత్రమే అయిన రోజుల్లో, ఒక శూద్ర స్త్రీ చేతిలో పుస్తకం పట్టుకుని పట్టపగలు వీధిలో నడిచి వెళ్ళి పాఠం చెప్పింది. కొద్ది సంవత్సరాల్లోనే అంటరాని పిల్లలకూ బళ్ళు లేచాయి. తాలీంఖానా నడిపే లహుజీ సాళ్వే లాంటి మాంగ్ పెద్దలు తమ వాడల పిల్లల్ని పంపారు. ముక్త ఆ పిల్లల్లో ఒకతి.

దారిలో పేడ, బురద విసిరేవారని, బడికి చేరాక మార్చుకోవడానికి ఇంకో చీర సంచిలో పెట్టుకుని పోయేవారని అందరూ చెప్పుకునేదే. ఈ చీర కథ దగ్గరే మన ఉపన్యాసాలు ఆగిపోతాయి. పేడ పడిన చీర మార్చుకోవడం కష్టమే గానీ దానికంటే కష్టమైన సంగతి ఇంట్లో జరిగింది. మామగారు గోవిందరావుకు ఊరి పెద్దల ఒత్తిడి ఎక్కువైంది. బడి మానతారా, ఇల్లు వదులుతారా అని అడిగారు. 1849లో దంపతులు ఇల్లు వదిలారు. చోటిచ్చింది ఉస్మాన్ షేక్ అనే ముస్లిం మిత్రుడు. ఆ ఇంటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రిబాయితో కలిసి పనిచేసింది. 1856లో జబ్బు చేసి పుట్టింటికి వెళ్ళినప్పుడు సావిత్రిబాయి భర్తకు రాసిన ఉత్తరంలో, నేను లేక అక్కడ ఫాతిమాకు పని భారమై ఉంటుంది, అయినా ఆమె సణగదు అనే అర్థం వచ్చేలా రాశారు. ఆ ఒక్క మాట చాలు, ఇద్దరి మధ్య స్నేహం ఎలాంటిదో తెలియడానికి.

పాముకు పాలు, మనిషికి దూరం

ఆ ఉత్తరం ధమ్మం చదువుకునే వాళ్ళు జాగ్రత్తగా చూడవలసింది. పుట్టింట్లో అన్న మందలించాడు. మీరిద్దరూ మహర్లకు, మాంగ్‌లకు చదువు చెప్తూ కులం నుంచి వెలి అయ్యారు, మన ఇంటి పరువు తీస్తున్నారు, బ్రాహ్మణులు చెప్పినట్టు నడుచుకోండి అన్నాడు. దానికి సావిత్రిబాయి శాపనార్థాలు పెట్టలేదు, ఏడవలేదు. తర్కం చెప్పారు. అన్నయ్యా, నువ్వు ఆవును, మేకను దగ్గరకు తీసి ముద్దు చేస్తావు. నాగపంచమి నాడు విషప్పురుగుకు పాలు పోస్తావు. మనలాంటి మనుషులే అయిన మహర్లను, మాంగ్‌లను మాత్రం అంటరానివాళ్ళంటావు. దీనికి కారణం ఏమన్నా ఉంటే చెప్పు. ఇదీ ఆమె అడిగిన సారాంశం. వింటున్న తల్లికి కళ్ళనీళ్ళు వచ్చాయట.

ఈ మాటల తీరు మనకు కొత్త కాదు. థేరీగాథలో పుణ్ణిక అనే భిక్షుణి కథ చాలామందికి తెలుసు. అనాథపిండికుని ఇంట్లో దాసి కూతురు. చలికాలం తెల్లవారుజామున, యజమానురాలి దెబ్బలకు భయపడి నదికి నీళ్ళకు పోతుంది. అక్కడ ఒక బ్రాహ్మణుడు వణుకుతూ నీళ్ళలో మునుగుతుంటాడు. నాకంటే తప్పదు, నీకేం భయం అని అడుగుతుంది. పాపం కడుక్కుంటున్నానంటాడు. మునిగితే పాపం పోయే పనైతే కప్పలూ తాబేళ్ళూ మొసళ్ళూ నేరుగా స్వర్గానికే పోవాలి గదా, నది పాపాన్ని మోసుకుపోతే పుణ్యాన్ని కూడా మోసుకుపోదా అని ఆమె వాదన. ఆ బ్రాహ్మణుడు ఒప్పుకున్నాడు.

పుణ్ణికకూ సావిత్రిబాయికీ మధ్య రెండువేల ఏళ్ళకు పైగా దూరం. సావిత్రిబాయి థేరీగాథ చదివి ఉంటారని మనం చెప్పడం లేదు. అణగారిన స్త్రీకి మాట్లాడే అవకాశం దొరికితే మొట్టమొదట బయటికొచ్చేది ఆచారం మీద ఇలాంటి ప్రశ్నే అని మాత్రం చెప్తున్నాం. ఎహిపస్సికో, వచ్చి చూడు, పరీక్షించు అని భగవానుడు చెప్పిన పద్ధతి అదే. మన ఇళ్ళలో ఆడపిల్ల ఇలా ప్రశ్నిస్తే "నోరు ఎక్కువైంది" అంటాం. పుణ్ణికకు నోరు ఎక్కువే.

ఊరు చంపబోయిన జంట

1868 ఆగస్టు 29న నాయిగావ్ నుంచే రాసిన మరో ఉత్తరం ఉంది. గణేశ్ అనే బ్రాహ్మణ యువకుడు పంచాంగం చెప్తూ ఊళ్ళు తిరిగేవాడు. ఆ ఊళ్ళో సర్జా అనే మహర్ అమ్మాయితో ప్రేమ కలిసింది. ఆమె ఆరో నెల గర్భంతో ఉన్నప్పుడు ఊరికి తెలిసింది. ఇద్దరినీ కొట్టి, చంపడానికే ఊరంతా ఊరేగిస్తూ తీసుకుపోతున్నారు. సంగతి తెలిసి సావిత్రిబాయి పరుగున వెళ్ళారు. ఇంగ్లీషు సర్కారు చట్టం ప్రకారం హత్యకు ఏ శిక్ష పడుతుందో చెప్పి గుంపును బెదరగొట్టారు. ఊళ్ళో ఉండనివ్వం అన్నారు వాళ్ళు. సరే, వాళ్ళు ఊరు వదిలిపోతారు అని ఒప్పించి, ఇద్దరినీ పూణేలో జోతిరావు దగ్గరకు పంపారు.

ఈ కథకు వ్యాఖ్యానం కావాలా? తెలుగు జిల్లాల్లో ఉంటున్న మనకు అక్కర్లేదు. కులం దాటి పెళ్ళి చేసుకున్న మన కుర్రాళ్ళ పేర్లు ప్రతి జిల్లాలోనూ మన గోడల మీద ఉన్నాయి, దండలతో. అసలు అడగవలసింది వేరే ఉంది. గుంపు ముందు నిలబడటానికి మనలో ఎవరు పరుగెత్తారు? మాల ఇంటి అబ్బాయి మాదిగ ఇంటి అమ్మాయిని చేసుకుంటే మన వాడల్లో ఏం జరుగుతోంది? దీక్ష తీసుకున్న ఇళ్ళలో కూడా ఉపకులం చూసే సంబంధం ఖాయం చేసే వాళ్ళు ఉన్నారు. ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో తొమ్మిదోది మనుషులంతా సమానమని నమ్ముతానని, పదోది ఆ సమానత్వం స్థాపించడానికి కృషి చేస్తానని. విహారంలో గొంతెత్తి చదివి, పెళ్ళి చూపుల్లో మరిచిపోతే అది ప్రతిజ్ఞ ఎట్లా అవుతుంది?

ఇంకో సంగతి గమనించండి. ఆమె కాపాడిన ఇద్దరిలో ఒకరు బ్రాహ్మణుడు. 1863లో ఫూలే దంపతులు తమ ఇంటి దగ్గరే తెరిచిన శిశుహత్యల నివారణ గృహం కూడా ముఖ్యంగా బ్రాహ్మణ వితంతువుల కోసమే. బాల్యంలోనే మొగుడు పోయి, గుండు గీయించి మూలన కూర్చోబెట్టిన పిల్లలు, ఇంట్లో మగవాళ్ళ చేతుల్లోనే మోసపోయి గర్భవతులైతే, వాళ్ళకు నుయ్యో గొయ్యో తప్ప దారి లేదు. బిడ్డను చంపితే జైలు, లేదా అండమాన్ ద్వీపాంతరవాసం. అలాంటి వాళ్ళు రహస్యంగా వచ్చి పురుడు పోసుకోవచ్చు, బిడ్డను వదిలిపోవచ్చు అని ఏర్పాటు చేశారు. పురుళ్ళు పోసింది, పసికందుల్ని సాకింది సావిత్రిబాయి. ఆ బిడ్డల్లో ఒకడిని దత్తత తీసుకుని యశ్వంత్ అని పెంచారు. పిల్లలు లేరు, జోతిరావుకు మళ్ళీ పెళ్ళి చెయ్యండి అని లోకం అన్న మాటకు అదే వాళ్ళ సమాధానం.

బ్రాహ్మణ్యం మీద యుద్ధం చేసిన మనిషే బ్రాహ్మణ స్త్రీకి పురుడు పోసింది. కొంతమంది కుర్రాళ్ళకు ఇది అర్థం కాదు. శత్రువు వ్యవస్థ గదా, మనిషి కాదు గదా. మైత్రి అంటే కళ్ళు మూసుకుని అందరూ సుఖంగా ఉండాలి అని అనుకోవడం దగ్గర మొదలైతే కావచ్చు, అక్కడ ఆగిపోయేది మాత్రం కాదు.

బావి, పెళ్ళి, చితి

1868లోనే తమ ఇంటి ఆవరణలోని నీళ్ళ తొట్టిని, బావిని అంటరానివాళ్ళకు తెరిచారు. మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టింది 1927 మార్చి 20. మధ్యలో యాభై తొమ్మిదేళ్ళు. ఈ మధ్యకాలం ఖాళీగా లేదు. ఫూలే ప్రభావంతో గోపాల్ బాబా వలంగకర్ అనే మహర్ మాజీ సైనికుడు 1888లో అంటరానితనాన్ని ఖండిస్తూ 'విటాళ విధ్వంసన్' రాశాడు. సత్యశోధక భావాలకు అండగా నిలిచిన కొల్హాపూర్ షాహూ మహారాజు 1920లో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రికకు సాయం చేశారు. దీపం ఒక చేతి నుంచి ఇంకో చేతికి అట్లా వచ్చింది. బాబాసాహెబ్ తన ముగ్గురు గురువులు బుద్ధుడు, కబీరు, ఫూలే అని చెప్పుకున్నారు. 1946లో వచ్చిన 'శూద్రులెవరు?' గ్రంథాన్ని జోతిరావుకే అంకితం ఇచ్చారు. ఆ ఫూలే పేరులో సావిత్రిబాయి పేరు కూడా ఉందని చదువుకోవడం మన పని.

1873 సెప్టెంబరు 24న సత్యశోధక సమాజం మొదలైంది. అదే సంవత్సరం డిసెంబరు 25న పురోహితుడు లేకుండా, కట్నం లేకుండా మొదటి సత్యశోధక వివాహం జరిగింది. వధువు, వరుడు ఒకరికొకరు మాట ఇచ్చుకోవడమే అందులో మంత్రం. సరిగ్గా యాభై నాలుగేళ్ళ తర్వాత, అదే డిసెంబరు 25న, మహద్‌లో మనుస్మృతి తగలబడింది. తేదీ కలవడం కాకతాళీయమే, దానికి మహత్యం అంటగట్టొద్దు. విషయం మాత్రం ఒకటే.

ఇప్పుడు మన విహారాల్లో జరిగే పెళ్ళిళ్ళు చూడండి. తెల్లబట్టలు, బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం, త్రిసరణం, పంచశీల, ఇద్దరి ప్రమాణాలు. ఇది మనకు నాగపూర్ నుంచి వచ్చిందనుకుంటాం. అంతకంటే లోతుగా పోతే పూణేలో తేలుతుంది. కాకపోతే చాలా పెళ్ళిళ్ళలో రెండు కార్యక్రమాలు జరుగుతున్నాయి. పొద్దున విహారంలో బౌద్ధ వివాహం, దానికంటే ముందు తెల్లవారుజామున ఇంట్లో "పెద్దవాళ్ళ కోసం" అయ్యవారితో ముహూర్తం. కట్నం మాత్రం రెండింటికీ కలిపి ఒకటే! ఎనిమిదో ప్రతిజ్ఞ ఏమిటో ఒకసారి తీసి చూసుకుంటే చాలు.

1890 నవంబరు 28న జోతిరావు కన్నుమూశారు. శవయాత్రలో ముందు మట్టికుండ పట్టుకుని నడిచే హక్కు ఎవరిదని తగాదా లేచింది. దత్తపుత్రుడికి హక్కు లేదన్నారు బంధువులు. కుండ పట్టిన వాడికే ఆస్తి మీద హక్కు అనేది లోకం లెక్క. సావిత్రిబాయి ముందుకొచ్చి ఆ కుండ తానే పట్టుకున్నారు. భర్త చితికి తానే నిప్పు పెట్టారు. 1890లో! ఇప్పటికీ మన వాడల్లో కొడుకు లేని తల్లి చనిపోతే, కూతురు పక్కనే నిలబడి ఉండగా, తలకొరివికి అన్న కొడుకును, తమ్ముడి కొడుకును వెతికి తీసుకొస్తున్నారు. పిండం పెట్టం, శ్రాద్ధం చెయ్యం అని ఆరో ప్రతిజ్ఞ తీసుకున్నాం. కానీ కొరివి మాత్రం మగవాడే పట్టాలి అనుకుంటున్నాం. పిండం లేనప్పుడు కొడుకే కావాలన్న నియమం ఎక్కడిది? భర్త పోయాక ఆమె ఇంట్లో కూర్చోలేదు. సత్యశోధక పని చూసుకున్నారు. 1893లో సాస్‌వడ్‌లో జరిగిన సత్యశోధక సభకు అధ్యక్షత వహించారు.

ఆమె బౌద్ధురాలా?

ఈ ప్రశ్న అధ్యయన తరగతుల్లో తప్పకుండా వస్తుంది. సూటిగా చెప్దాం, కాదు. సత్యశోధకులు విగ్రహాన్ని, పురోహితుణ్ణి కాదన్నారు గానీ సృష్టికర్తను కాదనలేదు. 'నిర్మిక్' అన్నారు ఆయన్ని. ముక్తా సాళ్వే కూడా తన ప్రశ్న దేవుణ్ణే అడిగింది. మన ధమ్మంలో సృష్టికర్తకు చోటు లేదు. కాబట్టి ఆమెను లాక్కొచ్చి బౌద్ధురాలిగా చూపించనవసరం లేదు, బోధిసత్త్వ అని బిరుదు తగిలించనవసరమూ లేదు.

మరి ధమ్మ పాఠంలో ఎందుకు? భగవానుడు ధమ్మాన్ని కొలిచింది నమ్మకంతో కాదు, నడతతో. ఫూలే దంపతులు వెళ్ళగలిగినంత దూరం వెళ్ళారు. వాళ్ళ కాలానికి ఈ దేశంలో బౌద్ధం మట్టి కింద ఉంది. మహారాష్ట్ర కొండల్లో గుహలు ఉన్నాయి గానీ వాటిలో ధమ్మం చెప్పేవాడు లేడు. తల్లిదండ్రులకు దొరకని గ్రంథం పిల్లలకు దొరికింది. అంతమాత్రాన పిల్లలు పెద్దవాళ్ళు అయిపోరు.

దీనికి అవతలి వైపు ప్రమాదం ఇంకా పెద్దది. మనం ఆమెను "చదువుల తల్లి" అంటాం. ప్రేమతో అంటాం, తప్పు లేదు. కానీ జనవరి 3న కొన్ని చోట్ల ఫొటోకు కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇవ్వడం కళ్ళారా చూశాం. సరస్వతి పటం తీసేసి అదే మేకుకు సావిత్రిబాయి పటం తగిలించడం కాదు గదా మార్పు అంటే. సరస్వతి ఎవరికీ అక్షరం నేర్పలేదు. సావిత్రిబాయి ముందు తాను నేర్చుకుని, తర్వాత ముక్తకు నేర్పారు. ఆమెకు దండం పెట్టడం తేలిక. పక్కింటి పిల్ల పదో తరగతి తప్పితే కూర్చోబెట్టి లెక్కలు చెప్పడం కష్టం.

కరువు, ప్లేగు

1876లో మొదలైన కరువు దక్కను అంతటినీ పీల్చేసింది. రాయలసీమ పెద్దలు ధాత కరువు అని ఇప్పటికీ చెప్పుకునేది అదే. పూణే చుట్టుపక్కల జనం చెట్ల ఆకులు తిన్నారు. సత్యశోధకులు అన్నదాన కేంద్రాలు నడిపారు. 1877 ఏప్రిల్‌లో జున్నర్ ప్రాంతంలోని ఓతూరు నుంచి సావిత్రిబాయి రాసిన ఉత్తరంలో ఆ దృశ్యం ఉంది. ఎండిన నేల, వలసపోయే జనం, వడ్డీ వ్యాపారులు, వాళ్ళ మీద తిరగబడ్డ వారిని పట్టుకుపోయిన పోలీసులు, కలెక్టరు ముందు ఆమె చేసిన వాదన.

ఇరవై ఏళ్ళకు ప్లేగు వచ్చింది. 1897. యశ్వంత్ అప్పటికి డాక్టరు. పూణే పొలిమేరలో రోగుల కోసం వైద్యశాల పెట్టించారు సావిత్రిబాయి. ఆమెకు అరవై ఆరేళ్ళు. ప్లేగు అంటే కన్నతల్లిని వదిలి కొడుకు పారిపోయిన రోజులు. ముంఢ్వా మహర్‌వాడలో పాండురంగ్ బాబాజీ గాయక్వాడ్ కొడుక్కు జబ్బు చేసిందని తెలిసి వెళ్ళి, ఆ పిల్లవాణ్ణి వీపున వేసుకుని వైద్యశాలకు మోసుకొచ్చారు. ఆ జబ్బే ఆమెకు అంటుకుంది. 1897 మార్చి 10న పోయారు.

వినయపిటకం మహావగ్గంలో ఒక సంఘటన ఉంది. బాబాసాహెబ్ దాన్ని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో చేర్చారు. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును తోటి భిక్షువులు పట్టించుకోలేదు. భగవానుడు ఆనందుడితో నీళ్ళు తెప్పించి, అతనితో కలిసి కడిగి, లేపి మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత సంఘాన్ని పిలిచి, నాకు సేవ చేయదలచినవాడు రోగికి సేవ చేయాలి అనే భావం చెప్పాడు. ఆ భిక్షువును సంఘం ఎందుకు వదిలేసిందో కూడా ఆ కథలో ఉంది. అతని వల్ల మాకు ఉపయోగం లేదు గనక చూడలేదు అన్నారు. మహర్‌వాడ పిల్లవాడు కూడా ఊరికి ఉపయోగం లేనివాడే.

ఏం మిగిలింది

ప్రభుత్వాలు ఆలస్యంగానైనా గుర్తించాయి. 1998లో తపాలా బిళ్ళ వచ్చింది. 2014లో పూణే విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2025లో జనవరి 3ని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. భిడే వాడా మాత్రం శిథిలమై, స్మారకం కట్టడానికని 2023 డిసెంబరులో నేలమట్టం అయింది. ఆమె రాసిన కవితలు ('కావ్యఫులే' 1854లోనే అచ్చయింది), ఉత్తరాలు ఎం.జి. మాలి సంపాదకత్వంలో 1988లో మరాఠీలో ఒకచోటికి వచ్చాయి. అంటే చనిపోయిన తొంభై ఏళ్ళకు గానీ ఆమె మాట పూర్తిగా చేతికి రాలేదు. మన తెలుగు పిల్లలు ధవళేశ్వరంలో 1874లో కందుకూరి తెరిచిన ఆడపిల్లల బడి గురించి చదువుకుంటారు. చదువుకోవాలి కూడా. దానికి ఇరవై ఆరేళ్ళ ముందే పూణేలో ఒక శూద్ర స్త్రీ పాఠం చెప్పిందని మాత్రం మన తరం వాళ్ళం బడిలో వినలేదు. అంబేద్కర్ సంఘాల మీటింగుల్లో విన్నాం.

బాబాసాహెబ్ 1942 జులైలో నాగపూర్ మహిళా సభలో, ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో ఆ సమాజపు స్త్రీలు ఎంత ముందుకు పోయారన్న దాన్ని బట్టే కొలుస్తానని చెప్పారు. హిందూ కోడ్ బిల్లు ఆగిపోయినందుకు 1951లో మంత్రి పదవి వదిలేశారు. అదే సంవత్సరం, స్త్రీల పతనానికి బుద్ధుడే కారణమని ఎవరో రాస్తే, కాదు మనువు కారణమని మహాబోధి పత్రికలో సమాధానం రాశారు. ఆ కొలబద్దతో మన విహారాలనే కొలుద్దాం. కింద చాప మీద ఎక్కువమంది స్త్రీలు, వేదిక మీద ఎక్కువమంది పురుషులు. వంట, ముగ్గు, పూలు ఉపాసికలకు. మైకు, రసీదు పుస్తకం, అధ్యక్ష స్థానం ఉపాసకులకు. మహాపజాపతి గోతమి కపిలవస్తు నుంచి వైశాలి దాకా కాళ్ళు వాచేలా నడిచి వచ్చింది ముగ్గు వేయడానికి కాదు.

వచ్చే జనవరి 3న పెద్ద సభ, ఫ్లెక్సీలు అక్కర్లేదు. ఆ డబ్బుతో వాడలో చదువు ఆపేసిన ఆడపిల్లలు ఎంతమందో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి, ఎందుకు ఆపారో కూడా రాసుకోండి. ఫీజు కట్టలేకనా, బస్సు లేకనా, పెళ్ళి కుదిరిందనా. ఆ కాగితం విహారంలో అందరి ముందు చదవండి. తర్వాత ముక్తా సాళ్వే వ్యాసం గట్టిగా చదివించండి. చదివేది పదమూడు, పద్నాలుగేళ్ళ అమ్మాయి అయితే మంచిది. చదవడం అయిపోయాక ఆ అమ్మాయి ఏమైనా అడిగితే, ఎంతసేపైనా సరే, జవాబు చెప్పే వరకు ఎవరూ లేవకండి.